సాంబానా, ఎన్‌ఎఫ్‌ఎస్సా? ఒక ఫ్లెక్సీల షాపు లెక్క

హనుమకొండలో ఒక ఫ్లెక్సీల షాపు. డిజైన్ చేసేవాళ్లకు విండోస్ కంప్యూటర్లు రెండు, యజమాని కొడుకుకు ఒక మ్యాక్, ఫైళ్లన్నీ దాచడానికి మూలన పాత ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) పెట్టె. మేడారం జాతర దగ్గరపడితే అక్కడ రాత్రికీ పగటికీ తేడా ఉండదు. పెన్‌డ్రైవ్ చేతులు మారుతూనే ఉంటుంది. ఒకే ఫ్లెక్సీకి "ఫైనల్", "కొత్త ఫైనల్", "అసలు ఫైనల్" అని మూడు ఫైళ్లు. ఏది అచ్చుకు వెళ్లాలో దేవతలకే తెలియాలి. ఈ పెన్‌డ్రైవ్ పీడ వదిలించమని నన్ను పిలిచారు.

నాకు లైనక్స్ మీద మోజు. అందుకే ముందు ఎన్‌ఎఫ్‌ఎస్ పెట్టాను. ఒక కంప్యూటర్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్ మీద మిగతావి వాడుకునేలా 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చిన పద్ధతి అది. ఎక్స్‌పోర్ట్స్ అనే అమరికల ఫైలులో ఒక్క వరుస రాస్తే చాలు, ఫోల్డర్ పంచుకోవడం మొదలవుతుంది. చిక్కు ఆ తర్వాత వచ్చింది. షాపులోని విండోస్ హోమ్ రకం, అందులో ఆ ఫోల్డర్‌ను అందుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింటే ఉండదు. పోనీ మ్యాక్‌తో సరిపెడదామంటే అక్కడ మరో తిరకాసు. మామూలు అమరికలో ఎన్‌ఎఫ్‌ఎస్ మనిషి పేరు చూడదు, కంప్యూటర్ అతనికి ఇచ్చిన అంకె చూస్తుంది. ఉబుంటులో మొదటి వాడుకరి అంకె 1000, మ్యాక్‌లో 501. మ్యాక్ నుంచి దాచిన బ్యానర్‌ను ఉబుంటు పెట్టె పరాయివాడి సొత్తుగా చూసింది, దిద్దబోతే అనుమతి లేదంది. లైనక్స్ యంత్రాలు మాత్రమే ఉన్నచోట, అంకెలు కలిసేలా చూసుకుంటే ఎన్‌ఎఫ్‌ఎస్ హాయిగా ఉంటుంది. ఈ షాపు అలాంటిది కాదు.

మర్నాడే సాంబాకు మారాను. ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ 1990ల మొదట్లో మొదలుపెట్టిన పని ఇది. ఫైళ్లు పంచుకోవడానికి విండోస్ వాడే భాష ఎస్‌ఎమ్‌బీ; పేరు కోసం ఆ ఎస్, ఎమ్, బి అక్షరాలు వరుసగా వచ్చే మాటలను కంప్యూటర్‌తో వెతికిస్తే సాంబా దొరికిందట. మనకు మాత్రం సాంబయ్య గుర్తొస్తాడు. విండోస్ మాట్లాడే ఎస్‌ఎమ్‌బీ భాషనే ఇది మాట్లాడుతుంది కాబట్టి ఉబుంటు పెట్టె కూడా ఎదుటివాళ్లకు తమలో ఒకటిగానే కనిపిస్తుంది. ఆపిల్ కూడా 2013 నుంచి ఈ భాషకే ముందు పీట వేసింది.

సాంబాకూ పెంకితనం ఉంది. లైనక్స్ పాస్‌వర్డ్ పెట్టాం కదా అని ఊరుకుంటే లోపలికి రానివ్వదు, తన పాస్‌వర్డ్ తనకు వేరుగా పెట్టాలి. నేనే ఒక గంట దీనితో తల పట్టుకున్నాను. ఇంకొకటి: పాత స్కానర్ కలవడం లేదని ఎస్‌ఎమ్‌బీ మొదటి రకాన్ని తెరవమంటారు. తెరవకండి. 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై ఊళ్లేలింది ఆ దారినే.

కాజీపేటలోని రెండో కౌంటరుకు మాత్రం, రెండు చోట్లా ఫోల్డర్‌ను ఒకేలా ఉంచే సింక్‌థింగ్ పెట్టాను. ఇంటర్నెట్ పోయినా ఎవరి ప్రతి వాళ్ల దగ్గరే ఉంటుంది, వచ్చాక కలుపుకుంటుంది. అయితే ఒకచోట ఫైలు చెరిపేస్తే రెండోచోటా పోతుంది. బ్యాకప్ అనుకుంటే మునుగుతారు.

ఇంత చేశాక కూడా 600 ఎంబీ ఫైలు తెరవడానికి దాదాపు నిమిషం పట్టింది. సాంబా నెమ్మది అని కుర్రాళ్లు తేల్చేశారు. కంప్యూటర్ల తీగలన్నీ కలిసే స్విచ్ దగ్గర చూస్తే ఆ కంప్యూటర్ తీగ 100 మెగాబిట్ల వేగంతోనే కలిసి ఉంది, అంటే సెకనుకు 12 ఎంబీ లోపే. గిగాబిట్‌కు (1000 మెగాబిట్లకు) తీగలోని ఎనిమిది పోగులూ పనిచేయాలి, 100కు నాలుగు చాలు. సీలింగ్ పైన ఎలుక ఒక పోగు కొరికేసింది. కొత్త తీగ లాగాక అదే ఫైలు ఏడెనిమిది సెకన్లలో తెరుచుకుంది.