రిచీ స్ట్రీట్‌లో కీబోర్డు అమ్మకుండా పంపిన షాపు

చెన్నైలో కంప్యూటర్ సామాన్లు అమ్మే వీధి రిచీ స్ట్రీట్. అక్కడ ఏ షాపుకైనా వెళ్లి కీబోర్డు సరిగ్గా పనిచెయ్యట్లేదని చెప్పి చూడండి. మీ మాట పూర్తయ్యేలోపు కొత్త కీబోర్డు డబ్బా కౌంటర్ మీదకి వచ్చేస్తుంది. వాళ్లనీ అనడానికి లేదు. ఐదారొందల వస్తువుని విప్పుకుని కూర్చుంటే ఆ వీధిలో అద్దె కూడా గిట్టదు. అలాంటి చోట "కొత్తది కొనకమ్మా, తప్పు దీనిది కాదు" అనే మనిషి దొరికాడు కాబట్టి ఈ రివ్యూ.

గవర్నమెంట్ ఎస్టేట్ మెట్రోలో దిగి నడిచి వస్తే సరిపోతుంది. నరసింగపురం వీధి వైపు తిరిగాక సీసీ కెమెరాల షాపు పక్కన ఇరుకు మెట్లుంటాయి, ఎక్కితే మొదటి అంతస్తు. షాపు పేరు రాయట్లేదు. "రాయొద్దమ్మా, ఒక్కణ్ణే ఉన్నా, జనం ఎగబడితే చెయ్యలేను" అన్నాడు. మెట్ల కింద టీ కొట్టులో అడిగితే చూపిస్తారు.

నా పని ఆండర్సన్ స్ట్రీట్‌లోని పెళ్లికార్డుల షాపులకు తెలుగు మేటర్ కంపోజ్ చేసి, డిజైన్ చేసి ఇవ్వడం. పెరంబూరులో ఇంట్లోనే డెస్క్‌టాప్ పెట్టుకుని ఇన్‌డిజైన్ అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తాను. ముహూర్తాల సీజన్‌లో మౌస్ పట్టుకుని మెనూలు వెతుక్కుంటూ కూర్చుంటే కార్డులు పెళ్లయ్యాక అందుతాయి. అందుకని నా చేతులు సగం షార్ట్‌కట్ల మీదే, అంటే రెండుమూడు మీటలు కలిపి నొక్కి పని కానిచ్చుకోవడం మీదే బతుకుతాయి.

అవి తిరగబడ్డాయి. టైపు చేస్తుంటే ఉన్నట్టుండి తెలుగు ఇంకో తెలుగైపోయేది. 'లలిత' అని కొడితే 'తోతగూ' అని మొదలయ్యేది. పెళ్లికూతురి పేరండీ! ఇంకోటి, బొమ్మ సైజుకి ఫ్రేముని సరిపెట్టే కంట్రోల్-ఆల్ట్-సి నొక్కితే ఇన్‌డిజైన్‌లో ఏమీ జరగదు, కాలిక్యులేటర్ వచ్చి ముందు నిలబడుతుంది. రోజూ కూడా కాదు. కొన్ని రోజులు అన్నీ బుద్ధిగా ఉంటాయి, ఇంకో రోజు పొద్దున్నుంచీ ఇదే గోల.

మొదట అదే వీధిలో కింద ఉన్న పెద్ద షాపుకి వెళ్లాను. కౌంటర్ మీదున్న అబ్బాయి సగం విని "కీబోర్డ్ పోచ్చు మా" (పోయిందమ్మా) అని తేల్చేసి కొత్తది అంటగట్టాడు. గేమింగ్ కీబోర్డట, కిందనుంచి ఏడు రంగుల లైట్లు. రాత్రిపూట పనిచేస్తుంటే నా టేబుల్ గంగమ్మ జాతరలా వెలిగిపోయేది. లలిత మాత్రం తోతగూగానే ఉంది, కాలిక్యులేటర్ అలాగే వస్తోంది. పైగా ఇంకో తెగులు చేరింది. భాష మార్చుకోవడానికి విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కుతాను కదా, అసలు విండోస్ మీటే చచ్చుబడిపోయింది. తిరిగి తీసుకెళ్తే డబ్బా తెరిచారు కాబట్టి వాపసు లేదన్నారు.

మేడమీద ఆయన సంగతి కార్డుల షాపువాళ్లు చెప్పారు. ఫోన్ చేస్తే ఒకటే మాట, "కీబోర్డు ఒక్కటీ తెస్తే ఏం చూడను? సిపియు కూడా పట్టుకురామ్మా." ఆటోలో వేసుకెళ్లాను. అప్పటిదాకా తమిళంలోనే మాట్లాడుతున్నాం. స్క్రీన్ మీద పెళ్లికార్డు తెరుచుకోగానే "తెలుగోళ్లా? మాది సూళ్లూరుపేట" అన్నాడు. రోజూ లోకల్ ట్రెయిన్‌లో వచ్చి పోతాడట.

నాకు బాగా నచ్చింది ఆయన వినే పద్ధతి. నేను కథ మొదలుపెడితే చెయ్యి అడ్డుపెట్టి "చెప్పొద్దు, చేసి చూపించు" అన్నాడు. మౌస్‌తో స్టార్ట్ తెరిచి ఓ ఎస్ కె అని టైపు చేసి స్క్రీన్ మీద బొమ్మ కీబోర్డు తెప్పించాడు. మనం ఏ మీట నొక్కితే బొమ్మలో ఆ మీట వెలుగుతుంది. కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ ఒక్కొక్కటే నొక్కించాడు. వేలు తీశాక కూడా ఏదైనా వెలుగుతూనే ఉంటే ఆ మీట ఇరుక్కుపోయినట్టు. నావి బాగానే ఉన్నాయి. షిఫ్ట్ ఐదుసార్లు వరసగా నొక్కితే స్టిక్కీ కీస్, కుడి షిఫ్ట్ ఎనిమిది సెకన్లు నొక్కిపట్టి ఉంచితే ఫిల్టర్ కీస్ ఆన్ చెయ్యమంటావా అని విండోస్ అడుగుతుంది. చాలామంది అదేమిటో చూడకుండా ఎస్ కొట్టేస్తారట, దాంతో మీటలు పనిచేసే తీరే మారిపోతుంది. ఆ రెండూ చూశాడు, ఆఫ్‌లోనే ఉన్నాయి. తర్వాత నా లైట్ల కీబోర్డు పీకేసి అక్షరాలరిగిపోయిన తన టీవీఎస్ గోల్డ్ తగిలించాడు. నొక్కితే టకటకమని మెట్ల దాకా వినిపించే రకం. దాంతో కూడా కాలిక్యులేటర్ వచ్చింది.

"చూశావా? వేరే కీబోర్డుతోనూ వస్తోందంటే కీబోర్డుది కాదు. ఇన్‌డిజైన్‌లో మాత్రమే వస్తే ఇన్‌డిజైన్‌ది. నోట్‌ప్యాడ్‌లో కూడా వస్తే విండోస్‌ది, లేదంటే వెనకాల నడుస్తున్న ఇంకో ప్రోగ్రాంది." ఈ ముక్క కింద షాపులో ఎవరైనా చెప్పుంటే నాకు ఆ లైట్ల ఖర్చు తప్పేది.

నోట్‌ప్యాడ్‌లోనూ వచ్చింది. ఆయన డెస్క్‌టాప్ మీదున్న కాలిక్యులేటర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిచాడు. షార్ట్‌కట్ కీ అనే గడిలో కంట్రోల్-ఆల్ట్-సి అని ఉంది. మావారి పని! కార్డుల లెక్కలకి సులువుగా ఉంటుందని పెట్టుకున్నారు. డెస్క్‌టాప్ ఐకాన్‌కి అలా ఒక షార్ట్‌కట్ ఇస్తే విండోస్ దాన్ని తనకే రాసిపెట్టుకుంటుంది. ముందు ఏ ప్రోగ్రాం తెరిచి ఉన్నా సరే, నొక్కు దానిదాకా చేరకముందే విండోస్ పట్టేసుకుంటుంది. ఆ గడిలో బ్యాక్‌స్పేస్ కొట్టి అప్లై నొక్కితే పోయింది. మావారికి వేరే ఏదైనా ఇద్దామని కంట్రోల్-ఆల్ట్-4 అడిగాను. "వద్దు, ఇంగ్లిష్ ఇండియా లేఅవుట్‌లో కుడి ఆల్ట్, 4 కలిపితే రూపాయి గుర్తు. కుడి ఆల్ట్ అన్నా కంట్రోల్-ఆల్ట్ అన్నా అక్కడ ఒకటే, మళ్లీ గొడవ" అని 9 ఇచ్చాడు.

ఐకాన్లలో దొంగ దొరక్కపోతే ఏం చేస్తారని అడిగాను. నిర్‌సాఫ్ట్‌వాళ్ల హాట్‌కీస్‌లిస్ట్ అని చిన్న ఉచిత ప్రోగ్రాం ఉందట. ఏయే కాంబినేషన్లు ఇప్పటికే ఎవరో పట్టుకుని ఉన్నారో చూపిస్తుంది. పట్టుకున్నది ఎవరో మాత్రం చెప్పదు. అది తెలియాలంటే గడియారం పక్కన దాక్కున్న ప్రోగ్రాములు, అంటే స్క్రీన్ రికార్డర్లు, గ్రాఫిక్స్ కార్డువాళ్ల సాఫ్ట్‌వేర్, స్క్రీన్‌షాట్ తీసేవి, ఒక్కొక్కటిగా మూస్తూ చూడాలి.

ఇక తోతగూ. దీనికే ఎక్కువసేపు పట్టింది, చూడముచ్చటగా ఉన్నది కూడా ఇదే. కార్డు మీద వినాయకుడి బొమ్మ పెట్టమన్నాడు. నేను అలవాటుగా కంట్రోల్, షిఫ్ట్ రెండూ నొక్కిపట్టి ఫ్రేము మూలని మౌస్‌తో లాగాను, బొమ్మా ఫ్రేమూ కలిసి పెరుగుతాయి. ఆయన స్క్రీన్ చూడట్లేదు, నా ఎడమచెయ్యే చూస్తున్నాడు. వేళ్లు తీయగానే "ఆగు" అని టాస్క్‌బార్ కుడి మూల చూపించాడు. కీబోర్డు గుర్తు మారిపోయి ఉంది.

నా కంప్యూటర్‌లో తెలుగు కింద రెండు కీబోర్డులున్నాయి. ఒకటి నేను వాడే ఫొనెటిక్, అంటే పలికినట్టే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చేది, 2019లో విండోస్ 10తో పాటే రావడం మొదలైంది. రెండోది ఇన్‌స్క్రిప్ట్, అందులో తెలుగు అక్షరాలకీ గుణింతాలకీ వాటి వాటి మీటలుంటాయి. ఒకే భాషలో రెండుంటే వాటి మధ్య దూకడానికి విండోస్ తనంతట తనే కంట్రోల్-షిఫ్ట్ పెట్టుకుంటుంది. వాటితో పాటు ఇంకో అక్షరం నొక్కితే షార్ట్‌కట్ అనుకుని ఊరుకుంటుంది. ఉత్త రెండే నొక్కి వదిలితే కీబోర్డు మార్చమన్నావనుకుంటుంది. మౌస్‌తో లాగేటప్పుడు అక్షరం ఏదీ ఉండదు కదా! అదండీ, బొమ్మలు పెట్టిన రోజే గోల, ఉత్త మేటర్ కొట్టిన రోజు ప్రశాంతం. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎల్ మీద త, ఎ మీద ఓత్వం, ఐ మీద గ, టి మీద ఊత్వం ఉంటాయి. లలిత తోతగూ అవ్వక ఏమవుతుంది? తమాషా ఏంటంటే కె మీద రెండింట్లోనూ క నే. కమల, కల్యాణి లాంటి పేర్లకి మొదటి మీటకి క సరిగ్గానే పడేది, తల ఎత్తి చూసేసరికి మిగతాదంతా నాశనం.

బాగుచేసుకోవాలంటే సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో టైపింగ్, అడ్వాన్స్‌డ్ కీబోర్డ్ సెట్టింగ్స్, అక్కడ ఇన్‌పుట్ లాంగ్వేజ్ హాట్ కీస్. చిన్న పాతకాలం కిటికీ తెరుచుకుంటుంది. చేంజ్ కీ సీక్వెన్స్ నొక్కితే కుడివైపు స్విచ్ కీబోర్డ్ లేఅవుట్ కింద నాట్ అసైన్డ్ పెట్టాలి. ఎడమ ఆల్ట్-షిఫ్ట్‌తో భాష మారేదాన్ని కూడా తీయించేశాను, ఇన్‌డిజైన్‌లో ఆ రెండు మీటలకీ వేరే పనులున్నాయి. "విండోస్-స్పేస్ చాలు కదమ్మా" అన్నాడు. ఆ విండోస్ మీటే పనిచెయ్యట్లేదని గుర్తుచేశాను.

దానికి ఆయన నా కీబోర్డు మళ్లీ తగిలించి, ఎఫ్ఎన్ పట్టుకుని విండోస్ మీట ఒక్కసారి నొక్కాడు. మూలనున్న బుల్లి తాళం లైటు ఆరిపోయింది. గేములాడేవాళ్లకి ఆట మధ్యలో వేలు తగిలి స్టార్ట్ మెనూ తెరుచుకోకుండా పెట్టే లాక్ అట. అన్ని రంగుల మధ్య ఆ ఒక్క తెల్ల చుక్క ఎవరికి కనిపిస్తుంది?

నాలుగొందలు తీసుకున్నాడు. కీబోర్డు ఖరీదులో సగం లేదు. అయినా అన్నీ మెచ్చుకోలేను. బిల్లు లేదు, విజిటింగ్ కార్డు వెనక పెన్నుతో అంకె రాసిచ్చాడు. జీఎస్టీ బిల్లు కావలసిన ఆఫీసులవాళ్లకి ఇది కుదరదు. మధ్యమధ్యలో ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడతాడు, ఇంకొకరి హార్డ్ డిస్కు కష్టాలన్నీ మనమూ వినాలి. ఇంటికొచ్చి చూసుకుంటే నా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మొత్తానికే లేదు, నన్నడక్కుండా తీసేశాడు! మళ్లీ గొడవ రాకూడదని చేసి ఉంటాడు, కానీ సీజన్‌లో నాకు సాయానికొచ్చే అబ్బాయి టైపు చేసేది ఇన్‌స్క్రిప్ట్‌లోనే. లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు పక్కన చుక్కలు నొక్కి, ఆప్షన్స్‌లోకి పోయి మళ్లీ చేర్చుకున్నాను. కాబట్టి వెళ్లినవాళ్లు ఏమేం మార్చాడో అక్కడే అడిగి రాయించుకోండి.

డేటా బాధ్యత తనది కాదని ముందే చెప్తాడు, బ్యాకప్ తీసుకునే వెళ్లండి. ఇంటికి రాడు. మ్యాక్ ముట్టుకోడు. సిపియు ఒక్కరే మొయ్యలేకపోతే టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు ఇరవై రూపాయలకి పైకి చేరుస్తారు. మానిటర్, మౌస్ ఆయన దగ్గరే ఉన్నాయి, మీ కీబోర్డు మాత్రం తప్పకుండా పట్టుకెళ్లాలి. ఆదివారం సెలవు. మధ్యాహ్నం రెండింటికి భోజనానికి పోతే ఎప్పుడొస్తాడో చెప్పలేం, నాలుగు దాటాక వెళ్తే తీరిగ్గా చూస్తాడు.