పాపతో కారవాన్‌లో: సాగర్, అలంపూర్, సోమశిల

రాత్రి రెండు దాటాక ఫ్యాన్ ఆగిపోయింది. నాగార్జునసాగర్ హిల్ కాలనీలో రోడ్డు పక్కన కారవాన్, అంటే లోపలే మంచం, పొయ్యి, బాత్రూం ఉండే అద్దె బండి, ఆపుకుని పడుకున్నాం. అక్టోబరు నెల, బయట కాస్త చల్లగానే ఉన్నా లోపల ఒకటే ఉక్క. మా రెండున్నరేళ్ల పాప చెమటకు తడిసి లేచింది, ఇక ఏడుపు. బండిలోని బ్యాటరీ పూర్తిగా అయిపోయింది. డ్రైవర్ అన్న ముందు సీట్లోనే ముడుచుకుని పడుకున్నాడు. లేపితే, ఇంజిన్ ఆన్ చేస్తే ఏసీ కూడా వస్తుందన్నాడు. ఆగి ఉన్న బండిలో ఇంజిన్ నడుస్తుంటే పొగ లోపలికి రావచ్చు. పిల్లను పెట్టుకుని అందులో నిద్రపోయే ధైర్యం మాకు లేదు. తెల్లారేదాకా పాపను భుజాన వేసుకుని ఆ రోడ్డు మీదే అటూ ఇటూ తిరిగాను.

ఆ రాత్రి తర్వాత కూడా మేం మరో రెండుసార్లు కారవాన్‌లో వెళ్లాం. రెండుసార్లూ బాగా జరిగింది. మొదటిసారి ఏం తప్పు చేశామో అర్థమయ్యాకే అది సాధ్యమైంది. చిన్న పిల్లలున్న వాళ్లు ఎవరైనా బుక్ చేసుకునే ముందు చదువుకుంటారని వివరంగా రాస్తున్నాను.

మేం ఉండేది హైదరాబాద్ వనస్థలిపురంలో, అమ్మ మహబూబ్‌నగర్‌లో. కారులో రెండు గంటలు దాటితే పాపకు వాంతులు. కొత్త లాడ్జి గదిలో పడుకోబెడితే అర్ధరాత్రి దాకా నిద్రపోదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, దారిలో బాత్రూం దొరుకుతుందో లేదోనని ప్రయాణం మొత్తం నీళ్లు తాగకుండా కూర్చుంటుంది. కారవాన్ అనుకున్నది ఈ ఇద్దరి కోసమే. మన దగ్గర అద్దెకు దొరికేవి ఎక్కువగా ట్రావెలర్ లాంటి వ్యాన్లను మార్చి కట్టినవి, డ్రైవర్‌తోనే ఇస్తారు. లోపల సోఫా లాగితే మంచం అవుతుంది. చిన్న ఫ్రిజ్, ఇండక్షన్ పొయ్యి, సింకు, వెనకవైపు ఒక మనిషి పట్టే బాత్రూం. మొదటిసారి మేం చూసింది పరుపు మెత్తగా ఉందా, టీవీ ఉందా అన్నదే. చూడాల్సింది రాత్రి బండి ఎక్కడ ఆగుతుంది, అక్కడ కరెంటు ప్లగ్ ఉందా అని. ఫ్యాన్లకు, లైట్లకు, ఫ్రిజ్‌కు బ్యాటరీ చాలుతుంది, అది కూడా మంచి స్థితిలో ఉంటేనే. ఏసీ రాత్రంతా నడవాలంటే బయట నుంచి కరెంటు కావాల్సిందే.

మొదటి ట్రిప్ బండి ఇచ్చిన వాళ్ల గురించి రెండు మాటలు. బ్యాటరీ పాతదని ముందు చెప్పలేదు. అంతకన్నా బాధ, టాయిలెట్ కింద ఉండే డబ్బా ముందు వెళ్లినవాళ్లది ఖాళీ చేయకుండానే పంపారు. ఇబ్రహీంపట్నం దాటేసరికి వాసన మొదలైంది. రెండోసారి వేరే వాళ్ల దగ్గర తీసుకున్నప్పుడు బయలుదేరే ముందే ఆ డబ్బా తీయించి చూశాను, నీళ్ల ట్యాంకు నిండా ఉందో లేదో తట్టి చూశాను, ఫ్యాన్లు అన్నీ వేసి అరగంట ఉంచమన్నాను. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోలేదు. ఇంకొక సంగతి, కిలోమీటర్ల లెక్క మన ఇంటి నుంచి కాదు, వాళ్ల షెడ్డు నుంచి షెడ్డు దాకా. అది ముందే మాట్లాడుకోవాలి.

సాగర్ దారిలోనే ఇంకో పాఠం కూడా అయింది. పాప మంచం మీద పడుకుని బొమ్మలు చూస్తానని పట్టుబట్టింది. బండి నడుస్తుంటే వద్దని మా ఆయన గట్టిగా చెప్పి, ముందుకు తిరిగి ఉన్న సీట్లో తన బేబీ సీటు బిగించి కూర్చోబెట్టారు. మల్లేపల్లి దాటాక మలుపులో మేకల మంద. డ్రైవర్ అన్న బ్రేక్ కొట్టగానే టేబుల్ మీది స్టీలు గ్లాసు ఎగిరి వెళ్లి ముందు అద్దం కింద పడింది. పాప మంచం మీద ఉండుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. చట్టం కూడా 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ ఉండాల్సిందేనంటుంది, లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. కారవాన్ సోఫాలు చాలావరకు పక్కకు తిరిగి ఉంటాయి, వాటికి బేబీ సీటు కుదరదు. ముందుకు తిరిగిన సీట్లు ఎన్ని, వాటికి భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా అని అడిగి, ఫొటో తెప్పించుకోండి.

సాగర్ చోటు మాత్రం బంగారం. 1955లో నెహ్రూ పునాదిరాయి వేస్తే 1967లో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలిన డ్యాం అది. 26 గేట్లు. పాపకు లెక్క పెట్టడం వచ్చేది పది దాకానే, కాబట్టి పది చొప్పున మూడుసార్లు మొదలుపెట్టింది. జలాశయం మధ్య దీవిలా ఉన్న నాగార్జునకొండకు లాంచీలో వెళ్దామనుకున్నాం కానీ, రాత్రి నిద్రలేక పిల్లకు నీరసంగా ఉండడంతో మానేశాం. వెళ్లేవాళ్లు టికెట్ తీసుకోకముందే చిన్న పిల్లల సైజు లైఫ్ జాకెట్ ఉందేమో అడగండి. పెద్దవాళ్లది కడితే పిల్లలు జారిపోతారు. శుక్రవారం కొండ మీది మ్యూజియానికి సెలవు.

దానికి బదులు బుద్ధవనం అనే బౌద్ధ పార్కులో మూడు గంటలు గడిపాం. 274 ఎకరాలు, 2022లో తెరిచారు. పిల్లలున్న వాళ్లకు సాగర్‌లో నేను మొదట చెప్పే చోటు ఇదే. వాహనాల భయం లేకుండా పరుగెత్తొచ్చు, జాతక కథల (బుద్ధుడి పూర్వజన్మల కథల) శిల్పాలు పిల్లల కంటికి అందే ఎత్తులో ఉన్నాయి. ఏనుగు, కోతి, లేడి కనిపించిన ప్రతిచోటా అమ్మ ఆగి కథ చెప్పింది. నీడ తక్కువ, కాబట్టి ఎండ ముదరకముందే ముగించుకోవాలి.

తిరుగు దారిలో నల్గొండ మీదుగా వచ్చాం, పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం చూడాలని. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోళులు కట్టించిన త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లున్న గుడి. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ రోజంతా అలా నిలబడే ఉంటుంది. సూర్యుడు కదిలినా అది కదలదు. మండపంలో స్తంభాలను అమర్చిన తీరు వల్ల వేర్వేరు వైపుల నుంచి వచ్చే వెలుతురుకు వాటి నీడలు ఒకేచోట కలుస్తాయట. మేం వెళ్లింది సాయంత్రం నాలుగింటికి. పాప గడపలో కూర్చుని చెయ్యి అడ్డం పెట్టింది. గోడ మీద తన చెయ్యి నీడ పడలేదు. రెండు చేతులూ పెట్టింది. "నా నీడ ఏది?" అని పూజారిగారిని అడిగితే ఆయన నవ్వి, "నువ్వు ఇంకా పెద్దయ్యాక వస్తది బిడ్డా" అన్నారు. బయటికి వచ్చి ఆవరణలో తన నీడను తొక్కుకుంటూ చాలాసేపు ఆడింది. ఆ ట్రిప్‌లో నాకు బాగా గుర్తుండిపోయిన అరగంట అదే.

రెండోసారి నవంబరు మొదట్లో, పాలమూరు వైపు. ఈసారి రాత్రి బస ముందే ఖాయం చేసుకున్నాం. అలంపూర్‌లో ఒక లాడ్జికి ఫోన్ చేసి, ఒక గది తీసుకుంటాం, బండిని మీ ఆవరణలో పెట్టుకోనివ్వండి, పదహారు ఆంపియర్ల ప్లగ్ ఒకటి ఇవ్వండి అని అడిగాం. కరెంటుకు విడిగా మూడు వందలు తీసుకుని ఒప్పుకున్నారు. ఇంటి నుంచి ఇరవై మీటర్ల మందపాటి వైరు తీసుకెళ్లాం, సన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులు ఏసీకి వేడెక్కుతాయి. గది డ్రైవర్ అన్నకు. రోజంతా బండి నడిపే మనిషి రాత్రి సీట్లో ముడుచుకుని పడుకుంటే మరునాడు మన ప్రాణాలు ఎవరి చేతిలో ఉన్నట్టు? బత్తా ఇచ్చాం కదా అని ఊరుకోకండి, ఆయనకు మంచం ఉందో లేదో చూడండి. పొద్దున మా స్నానాలూ ఆ గదిలోనే అయ్యాయి, బండి ట్యాంకులోని నీళ్లు వంటకూ పాపకూ మిగిలాయి. గదితో, డీజిల్‌తో, బత్తాతో కలిపి ఆ రెండు రోజులకు 28 వేలు అయింది. మామూలు కారు, రెండు గదుల లెక్కతో చూస్తే ఎక్కువే. అమ్మ దారిలో మొహమాటం లేకుండా నీళ్లు తాగింది, నాకు అది చాలు.

బాలానగర్ దగ్గర హైవే పక్కన సీతాఫలాల గంపలు. బాలానగర్ సీతాఫలం అంటే ఆ రకానికే పేరు. కారులో అయితే కొని డిక్కీలో పడేస్తాం, ఇంటికి చేరేసరికి సగం చితికిపోతాయి. ఇక్కడ బండి పక్కకు తీసి, మెట్టు మీద కూర్చుని తిన్నాం. పాపకు ఒక్కో గింజ తీసి, తెల్లటి గుజ్జు మాత్రం వేలితో పెట్టాను. మూతి, మోచేతులు, గౌను అంతా జిగురు. లేచి రెండడుగులు వేసి సింకులో కడిగేశాను. చిన్న పిల్లతో ప్రయాణంలో అలాంటి రెండడుగుల దూరం ఎంత సుఖమో తల్లులకు తెలుసు.

మహబూబ్‌నగర్‌లో అమ్మను ఎక్కించుకునేటప్పుడు బండి మెట్టు ఆమె మోకాలికన్నా ఎత్తు. "గీ బండిల ఇల్లంత ఉన్నది గని, ఎక్కనీకె మెట్టే లేదు" అని, లోపలికి పోయి వంటింటి పీట పట్టుకొచ్చింది. మా ఆయన "అత్తమ్మా, పీట నేను పెడతాను, మీరు చెయ్యి పట్టుకోండి" అంటూ ప్రతి ఆగుడుకూ ముందుగా దిగేవారు. పెద్దవాళ్లతో వెళ్తే ఒక గట్టి పీట మర్చిపోకండి.

పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు మహబూబ్‌నగర్‌కు నాలుగు కిలోమీటర్లు. దాదాపు ఏడువందల ఏళ్ల చెట్టు, మూడెకరాల మేర పాకింది. చెదలు పట్టి పాడైపోతుంటే 2018లో కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి బతికించారు. చిన్నప్పుడు ఆ ఊడలు పట్టుకుని ఊగినదాన్ని నేను, ఇప్పుడు కంచె అవతలి నుంచే చూడాలి. అలాగే ఉండాలి కూడా. అమ్మ సెలైన్ సంగతి చెబితే పాప "చెట్టుకి జ్వరమా?" అంది. తగ్గిపోయిందని చెప్పాక ముందుకు కదిలింది.

బీచుపల్లిలో కృష్ణ ఒడ్డున పొద్దు గుంకేదాకా ఉన్నాం. ఘాటు మెట్లు నున్నగా ఉన్నాయి, పిల్లల చెయ్యి వదలొద్దు. అలంపూర్ ఆలయాలకు ఆదివారం పొద్దున ఏడింటికే వెళ్లాం. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు ఏడో శతాబ్దంలో మొదలుపెట్టి కట్టించిన నవబ్రహ్మ గుళ్లు. పేరుకు బ్రహ్మలే, లోపల ఉన్నది శివుడు. తొమ్మిది దాటితే రాతి నేల కాలుతుంది, చెప్పుల్లేకుండా పిల్లలు నిలబడలేరు. జోగులాంబ గుడిని 2005లో మళ్లీ కట్టారు. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోకుండా కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి నిలబెట్టిన సంగమేశ్వరాలయం కాస్త దూరంలో ఉంది. అక్కడ జనం తక్కువ, పాపకు ఇడ్లీ అక్కడే నీడలో తినిపించాను. ఊళ్లో సందులు ఇరుకు, కరెంటు తీగలు కిందికి ఉన్నాయి. బండిని బయటే ఆపి ఆటోలో వెళ్లడం మంచిది. మూడు ట్రిప్పుల్లో నా మొదటి ఓటు ఈ దారికే. హైవే కాబట్టి కుదుపులు లేవు, పాపకు ఒక్క వాంతీ కాలేదు.

సోమశిలకు సంక్రాంతి తర్వాత వెళ్లాం. కొల్లాపూర్ దాటాక కృష్ణ, అవతల నల్లమల కొండలు. పొద్దున మంచులో తలుపు తీసి పాలు కాచుకుంటుంటే ఎదురుగా నీళ్లు. ఆ దృశ్యం కోసం మళ్లీ వెళ్తాను. అయితే ఆశకొద్దీ మేమొక తప్పు చేశాం. శ్రీశైలం వెనక జలాలు తగ్గి ఒడ్డు బయటపడి ఉంటే, పైన ఎండినట్టు కనిపించింది కదా అని బండిని నీళ్ల దగ్గరికి దింపించాం. పైపొర కింద అంతా బురదే. వెనక చక్రాలు సగం దిగబడ్డాయి. ఊళ్లోంచి ఒకాయన ట్రాక్టర్ తెచ్చి, తాడు కట్టి పది నిమిషాల్లో లాగాడు, ఐదు వందలు తీసుకున్నాడు. ఇంత బరువు బండిని రోడ్డు దించకూడదు.

అక్కడే ఇంకొకటి చూసి మనసు చివుక్కుమంది. ఎవరో తమ బండి టాయిలెట్ డబ్బా ఒడ్డునే ఖాళీ చేసి పోయారు. కొద్ది దూరంలో జాలర్లు వలలు ఆరబెట్టుకుంటున్నారు. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. మేం మా డబ్బాను బస చేసిన చోటి మరుగుదొడ్డిలోనే, వాళ్లను అడిగి, ఖాళీ చేసి కడుక్కున్నాం. అది ఐదు నిమిషాల పని.

ఇదే బండిలో మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్లొచ్చా అని మా బంధువులు అడుగుతున్నారు. నేనైతే వద్దంటాను. అది అమ్రాబాద్ పులుల అడవి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ రోడ్డు మూసేస్తారు, మధ్యలో బండి ఆపుకుని పడుకునే వీలే లేదు. ఆ అడవి చూడాలంటే మన్ననూరులో అటవీశాఖ వాళ్ల కాటేజీలు ఉన్నాయి, కారులో వెళ్లి అక్కడ ఉండడమే సరైన పద్ధతి.

అమ్మ పీట ఇంకా మా కారు డిక్కీలోనే ఉంది. శివరాత్రి రద్దీ తగ్గాక ఒక ఆదివారం పానగల్లు పోయి రావాలి. కారు చాలు, పగటి ప్రయాణమే. సాయంత్రం చూసిన ఆ నీడ, ఎండ నెత్తిమీద ఉన్నప్పుడు కూడా అక్కడే ఉంటుందో లేదో చూడాలని పాప రోజూ అడుగుతోంది.