150 డాలర్ల పొగ, పైసా అడగని ట్రాప్

పెన్సిల్వేనియాలో ట్రాప్ అనే చిన్న ఊరికి వెళ్ళొచ్చాం. ముందు మోటల్ సంగతి తేల్చేస్తాను, లేకపోతే మిగతాది రాయబుద్ధి కాదు. ఫిలడెల్ఫియా దాటాక హైవే పక్కన, రాత్రికి 89 డాలర్లని బుక్ చేశాం. పన్నులతో 100.57. తలుపు తియ్యగానే పాత సిగరెట్ కంపు. గది మార్చమంటే ఖాళీల్లేవన్నాడు. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునే పడుకుంది. తీరా ఇంటికొచ్చాక చూస్తే కార్డు మీద ఇంకో 150 డాలర్లు, గదిలో పొగ తాగామట! మా ఆయనకి అగరొత్తుల పొగే పడదు. నాలుగుసార్లు ఫోన్ చేస్తే 75 వెనక్కి వేశారు. వాసనొస్తే అప్పుడే కౌంటర్లో రాయించుకోండి, నోటిమాట చెల్లదు.

ఫిలడెల్ఫియాలో, 1790లలో అమెరికా చట్టసభలు నడిచిన కాంగ్రెస్ హాల్ చూశాం, ఉచితం, బాగుంది.

అసలు బయల్దేరింది అమ్మ కోసం. ఆవిడ గుంటూరు లూథరన్ క్రైస్తవుల ఇంటి పిల్ల. 1842లో గుంటూరొచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యర్‌ని పంపింది పెన్సిల్వేనియా లూథరన్ సంఘం. 1748లో ఆ సంఘానికి పునాది వేసిన హెన్రీ మ్యూలెన్‌బర్గ్ సమాధి ఈ ట్రాప్‌లోనే, అగస్టస్ చర్చి వెనకాల ఉంది. చర్చి 1740లలో కట్టింది. టికెట్ లేదు, అడిగేవాళ్ళూ లేరు. అమ్మ సమాధి దగ్గర నిలబడి రెండు కీర్తనలు పాడుకుంది. అంతవరకూ మోటల్‌ని తిట్టిన నోరే అది.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆయన కొడుకు ఫ్రెడరిక్ కథ. 1750లో ఈ ఊళ్ళోనే పుట్టి, జర్మనీలో హాలేలో చదివి, 1770లో పాదిరి అయ్యాడు. అన్న పీటర్ కూడా పాదిరే. 1776లో పీటర్ ఇంగ్లండు మీద పోరాడే అమెరికా సైన్యంలో చేరితే, దేవుడి పని చేసేవాడికి యుద్ధాలెందుకని తమ్ముడు ఉత్తరాల్లో దులిపేశాడు. ఆ ఏడే న్యూయార్క్ మీదికి ఇంగ్లీషు సైన్యం వస్తోందని తన చర్చి వదిలి పారిపోవాల్సొచ్చింది. 1779కల్లా తనే ఆ యుద్ధకాలపు అమెరికా సభ, కాంటినెంటల్ కాంగ్రెస్‌లో కూర్చున్నాడు! 1789లో అమెరికా ప్రతినిధుల సభకి మొట్టమొదటి స్పీకర్. 1796లో ఇంగ్లండుతో జే ఒప్పందం అమలుకి డబ్బివ్వాలా అన్నదాని మీద సభలో ఓట్లు సరిసమానమైతే, ఆ చర్చ నడిపిస్తున్న ఈయన ఒప్పందం వైపు ఓటేశాడు. కొద్దిరోజులకే సొంత బావమరిది కత్తితో పొడిచాడు. ప్రాణం దక్కింది, పదవి దక్కలేదు.

"ఓటేసినందుకు కత్తిపోటా? మన పల్నాడోళ్ళే అనుకున్నా," అంది అమ్మ.

ఆయన ఇల్లు కూడా ఆ ఊరి మెయిన్ రోడ్డు మీదే ఉంది. మేం బయట్నించే చూశాం. సమాధి మాత్రం లాంకాస్టర్‌లో. ఇంకో గంటకి పైగా డ్రైవింగ్ అనేసరికి మా ఆయన కారు తాళాలు తీసి అమ్మ చేతిలో పెట్టారు.