గ్రాఫిక్స్ ల్యాబులో షేడర్‌టాయ్: చాలాకాలం వాడాక

ఒంగోలు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ గ్రాఫిక్స్ చెప్తుంటాను. షేడర్‌టాయ్ అంటే బ్రౌజర్‌లోనే షేడర్లు (ఒక్కో పిక్సెల్ రంగు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములు) రాసి చూసుకునే వెబ్‌సైట్. నాకు ప్రాణంలా నచ్చింది ఒక్కటే: కోడ్‌లో ఒక అంకె మార్చి ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కగానే పక్కనే బొమ్మ మారిపోవడం.

కొత్తపట్నం వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి సముద్రం మీద సూర్యోదయం వేస్తానంది. సైన్ ఫంక్షన్‌లో ఐటైమ్ (బొమ్మ మొదలై ఎన్ని సెకన్లైందో చెప్పే విలువ) కలిపేసరికి అలలు కదిలాయి. చిక్కంతా సూర్యుడి దగ్గరే వచ్చింది. "ఏంది సార్, కోడిగుడ్డు మాదిరి వచ్చాడు?" అంది. సూర్యుడి మధ్య నుంచి పిక్సెల్ దూరం కనుక్కునే లైను చూస్తే సరిగ్గానే ఉంది. ఈలోపు పక్క సిస్టమ్స్ వాళ్లూ చేరారు, వ్యాసార్థం మార్చారు, మధ్య బిందువు జరిపారు, గుడ్డు చిన్నదైందే గానీ గుండ్రంగా కాలేదు. ఆఖరికి ఆ అమ్మాయే పట్టుకుంది. పిక్సెల్ అడ్డం కొలతని బొమ్మ వెడల్పుతో, నిలువు కొలతని ఎత్తుతో భాగించి రెండింటినీ 0 నుంచి 1 దాకా తెచ్చాం, కానీ బొమ్మ చదరం కాదు కదా, 16:9. రెండింటినీ ఎత్తుతోనే భాగించింది, సూర్యుడు గుండ్రంగా వచ్చేశాడు. బొమ్మలోని కొలతల్ని తెర కొలతల్లోకి మార్చే విండో టు వ్యూపోర్ట్ ఫార్ములాని ఏటా బట్టీ పట్టి పరీక్షలో దించేస్తారు పిల్లలు. రెండు వైపులా స్కేలింగ్ ఒకేలా లేకపోతే ఏమవుతుందో ఈసారి నేను నోరు తెరవకుండానే అర్థమైంది.

అలాగని సి భాషలో బొమ్మలు గీసే పాత లైబ్రరీ గ్రాఫిక్స్.హెచ్‌ని మాత్రం నేను పక్కన పెట్టలేదు. షేడర్‌లో ప్రతి పిక్సెలూ తన రంగేంటో తనే లెక్క వేసుకుంటుంది, పక్కదాని సంగతి దానికి పట్టదు. బ్రెసెన్‌హామ్ పద్ధతిలో గీసే గీత అలా కాదు, ఒక పిక్సెల్ పెట్టాక తర్వాతది పక్కదా, దాని పైదా అని తేల్చుకుంటూ పోవాలి. గ్రాఫిక్స్.హెచ్‌లో ఒక్కో పిక్సెల్ పెట్టే పుట్‌పిక్సెల్‌కి డిలే తగిలించి గీత పెరుగుతుంటే చూపిస్తేనే అది బుర్రకెక్కుతుంది, పాత డాస్ ప్రోగ్రాములు నడిపే డాస్‌బాక్స్‌లో 640×480, 16 రంగులే అయినా సరే. ఆకారాల మూలబిందువుల్ని కదిపే వర్టెక్స్ షేడర్ కూడా షేడర్‌టాయ్‌లో రాయలేం, దానికి విడిగా వెబ్‌జీఎల్ (బ్రౌజర్‌లో గ్రాఫిక్స్ గీసే పద్ధతి) చూపించాల్సిందే. పైగా మా ల్యాబు సిస్టమ్స్‌లో గ్రాఫిక్స్ కార్డుల్లేవు, రేమార్చింగ్ (కిరణం వెంట అడుగడుగునా వెళ్తూ త్రీడీ బొమ్మ వేయడం) లూపు పెద్దదైతే బ్రౌజర్ బిగుసుకుపోతుంది.

మా దగ్గర నెట్ బానే ఉంది, ల్యాబులో కొంత స్వేచ్ఛ ఉంది కాబట్టి నాకు కుదిరింది. సిలబస్ అంతా డీడీఏ (గీత గీసే ఇంకో పద్ధతి), క్లిప్పింగ్ (హద్దు దాటిన భాగం కత్తిరించడం) చుట్టూ తిరిగే చోట మొదట్లోనే షేడర్‌టాయ్‌ని పెడితే పిల్లలకి టెన్షనే. బొమ్మని జరపడం, తిప్పడం, పెంచడం నేర్పే ట్రాన్స్‌ఫర్మేషన్ల యూనిట్ దాకా ఆగి, అప్పుడు తెరవండి.