ఊరి లెక్కకు జనగణనా, ఓటర్ల జాబితానా?

ఊళ్లో ఎంతమంది ఉన్నారంటే చాలామంది ఓటర్ల జాబితానే తిరగేస్తారు. ఏటా సవరిస్తారు కాబట్టి తాజాగా ఉంటుంది. కానీ అందులో 18 ఏళ్లు నిండినవారే ఉంటారు. పట్నం వలసపోయినవారి పేర్లూ ఊళ్లోనే మిగిలిపోతుంటాయి.

2011 జనగణన పాతబడింది, నిజమే. ఆనాటి పిల్లల్లో కొందరు ఇప్పుడు ఓటర్లు! అయినా గ్రామాలవారీ పట్టికలో ఇళ్లు, 0-6 ఏళ్ల పిల్లలు, ఎస్సీ, ఎస్టీ జనాభా, అక్షరాస్యులు, సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇళ్లు తప్ప మిగతావన్నీ ఆడామగా విడివిడిగా దొరుకుతాయి. బీసీల లెక్క మాత్రం ఉండదు. తెలంగాణలో పాత జిల్లా పేరుతో వెతకాలి: సిద్దిపేట అప్పుడు మెదక్ జిల్లాలో ఉండేది.

ఊరి బతుకుతెరువు తెలియాలంటే నాకు జనగణనే నయం. పిల్లల సంఖ్యకైతే, 2027 జనగణన లెక్కలు వచ్చేదాకా అంగన్‌వాడీ టీచర్ రిజిస్టరు అడగండి.