యూట్యూబ్ వార్తా విశ్లేషణలు: ఏళ్ల తరబడి కొట్లో కూర్చుని చూశాక నా రివ్యూ

మాది విజయవాడ సింగ్ నగర్‌లో చిన్న కిరాణా కొట్టు. కౌంటర్ పక్కన స్టాండ్‌కి ఫోన్ పెట్టుకుంటా, పొద్దున పాల ప్యాకెట్లప్పుడు మొదలైన యూట్యూబ్ రాత్రి షట్టర్ దించేదాకా నడుస్తానే ఉంటది. వార్తల మీద మాట్లాడేవాళ్లు, బడ్జెట్ విడమర్చి చెప్పేవాళ్లు, బంగారం రేటు, సినిమా కలెక్షన్లు, అన్నీ. మిక్సీ కొంటే రివ్యూ రాస్తాం, ఫోన్ కొంటే రాస్తాం, రోజూ ఇన్ని గంటలు వాడేదానికి మాత్రం ఎవరూ రాయట్లేదు, అందుకే రాస్తున్నా.

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి మూడు. జరిగినదాన్ని అర్థం చేసుకోడానికి బ్రహ్మాండంగా పనికొస్తది, జరగబోయేది తెలుసుకోడానికి అస్సలు పనికిరాదు. ఇన్నేళ్లు చూశాక నేను ఒక్కటే చూస్తున్నా, మాట్లాడే మనిషి ఎక్కడుండి మాట్లాడుతున్నాడు, ఆ విషయంతో అతనికి రోజూ పని ఉందా లేదా. సబ్‌స్క్రైబర్లు ఎన్ని లక్షలైనా నాకనవసరం.

ఇది నాకు గట్టిగా తెలిసింది 2024 వరదల్లో. సెప్టెంబర్ 1, ఆదివారం, మా పక్కన పారే బుడమేరు వాగు నీళ్లు మా ఏరియాలోకి వచ్చేసినయ్, అందరం మేడ మీదకెక్కాం, కరెంటు లేదు, ఫోన్లో ఉన్న ఛార్జింగే దిక్కు. ఆ ఉన్న కాస్త ఛార్జింగ్‌తో ఏది చూడాలి చెప్పండి? స్టూడియోలో కూర్చున్న పెద్ద పెద్ద ఛానళ్లవాళ్లు తప్పు ఎవరిదని వాదించుకుంటున్నారు, ఇంకోపక్క కృష్ణ మీదున్న ప్రకాశం బ్యారేజీ కూలిపోతోంది ఊరు ఖాళీ చెయ్యండి అని ఎర్ర అక్షరాల థంబ్‌నెయిల్స్. పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లకి, అంటే గేట్లు ఎత్తి దించడానికి ఉండే బరువు దిమ్మెలకి, తగిలినమాట నిజమే, ఆ ఒక్క నిజం పట్టుకుని మిగతా అంతా కల్పించేశారు, అది చూసి మా పక్కింటి మామ్మగారు వణికిపోయారండి, ఆవిడకి బీపీ, ఎవరు సమాధానం చెప్తారు దానికి?

అదే టైంలో సింగ్ నగర్ ఫ్లైఓవర్ మీద నుంచి ఒక కుర్రాడు మామూలు ఫోన్‌తో లైవ్ పెట్టాడు. విశ్లేషణ ఏం లేదు. బోట్లు ఇక్కడిదాకా వస్తున్నాయి, డాబా కొట్ల సెంటర్ దగ్గర లోతు ఎక్కువుంది నడిచి రావొద్దు, వాటర్ ప్యాకెట్లు ఫలానా సందు మొదట్లో ఇస్తున్నారు, ఇంతే. కింద కామెంట్లలో జనం వాళ్ల వీధి పేరు రాస్తే చదివి బోటు వాళ్లకి అరిచి చెప్తున్నాడు. మా వీధికి బిస్కెట్లు, నీళ్లు వచ్చింది అలాగే.

నీళ్లు తగ్గాక ఇంకో వీడియో చూశా, ఇరిగేషన్‌లో చేసి రిటైరైన పెద్దాయన, తెల్ల కాగితం మీద పెన్నుతో గీసి చెప్పాడు. మీ ఇళ్లలోకి వచ్చింది కృష్ణ నీళ్లు కాదమ్మా, బుడమేరు గట్టుకి గండ్లు పడి వచ్చిన నీళ్లు, బుడమేరు వరదని మళ్లించే కాలవ బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తది, అక్కడ కృష్ణే నిండుగా ఉంటే ఆ కాలవ నీళ్లు ఎటు పోతాయి, వెనక్కి తంతాయి అని. బ్యారేజీ దగ్గర ఆ రోజుల్లో 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైంది, కట్టిన తర్వాత అదే రికార్డు. ఆ అంకె అన్ని ఛానళ్లూ అరిచి చెప్పినయ్, దానికీ మా గుమ్మానికీ సంబంధం ఏంటో చెప్పింది మాత్రం ఆ పెద్దాయనొక్కడే. చూసినవాళ్లు చాలా తక్కువమంది.

ఇక జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త రేట్లు, అమ్మవారి దసరా మొదలైన రోజే, కొండ దగ్గర జనం, కొట్లో జనం. అంతకుముందు రెండు వారాల నుంచి వీడియోలే వీడియోలు, అన్నీ సగానికి సగం తగ్గిపోతున్నాయి అన్నట్టు. 22న పొద్దున్నే వచ్చినావిడ మొదటి మాట, "ఏం బాబాయ్, సర్ఫ్ తగ్గలేదేంటి? ఫోన్లో చెప్పారుగా" అని. ఒంటి సబ్బులు, టూత్‌పేస్టు, షాంపూ, తలనూనె 18 నుంచి 5 శాతానికి వచ్చినయ్ గానీ బట్టల పౌడర్ 18లోనే ఉండిపోయింది, ఆ ముక్క ఏ థంబ్‌నెయిల్ మీదా లేదు. చెప్పీ చెప్పీ నోరు పోయింది ఆ వారం.

ఇంకోటి, 18 పోయి 5 వచ్చింది కాబట్టి ధర 13 శాతం తగ్గాలి అని ఒకాయన లక్షలమందికి చెప్పాడు. కాదండి. వంద రూపాయల సరుకు మీద 18 వేస్తే 118, 5 వేస్తే 105, అంటే 118లో 13 తగ్గింది, అది శాతంలో 11 అవుద్ది. వంద రూపాయల ఎమ్మార్పీ పేస్టు 89కి రావాలి, 87కి కాదు. రెండు రూపాయలే కదా అంటారేమో, ఆ రెండు రూపాయల కోసం కౌంటర్ దగ్గర దొంగ అనిపించుకున్నవాళ్లకి తెలుస్తది. ఈ లెక్క నాకు దొరికింది వీడియోలో కాదు, దాని కింద కామెంట్లో, ఎవరో గుంటూరు డిస్ట్రిబ్యూటర్ నాలుగు లైన్లలో రాశాడు, పాత స్టాక్ మీద కొత్త ధర స్టిక్కర్ ఎట్లా వెయ్యాలో కూడా. ఆ కామెంటు స్క్రీన్‌షాట్ ప్రింట్ తీయించి కౌంటర్ అద్దం కింద పెట్టా, అడిగినవాళ్లకి వేలుతో చూపిస్తా. అందుకే చెప్తున్నా, వీడియో సగంలో ఆపేసినా పర్లేదు, కామెంట్లు మాత్రం కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చదవండి.

బంగారం వీడియోల గురించి ఎక్కువ చెప్పను. 2025 ఏప్రిల్‌లో పది గ్రాములు లక్ష దాటినప్పుడు, ఇదిగో పడిపోతది ఆగండి అన్నవాళ్లున్నారు, ఇప్పుడే కొనండి అన్నవాళ్లున్నారు, ఒకే ఛానల్లో రెండూ అన్నవాళ్లున్నారు. ఈరోజు రేటు తెలుసుకోడానికి చూడండి, అంతే.

సినిమా కబుర్లు మాత్రం నాకు ఇష్టం, దాచుకోను. బెజవాడలో పుట్టినోడికి గాంధీనగర్ సినిమా ఆఫీసులు, థియేటర్లు తెలియకుండా ఉండవు కదా. కలెక్షన్ల గొడవల్లో కూడా అదే తేడా. పోస్టర్ మీద వేసేది గ్రాస్, టిక్కెట్ల మీద వచ్చిన మొత్తం, అందులో ట్యాక్సు పోవాలి, థియేటర్ అద్దె పోవాలి, మిగిలిందే షేర్, బయ్యర్ అంటే ఆ ఏరియాకి సినిమా కొనుక్కున్నవాడు, అతని చేతికొచ్చేది అదే. కృష్ణా ఏరియాకి అంత పెట్టి కొన్నాడు, ఇంత షేర్ వచ్చింది, ఇంకా ఇంత రావాలి అని చెప్పేవాళ్ల వీడియోలు వింటుంటే సినిమా ఒక వ్యాపారంగా ఎట్లా నడుస్తదో కళ్లకి కడతది. హీరో ఫ్యాన్స్ కోసం గ్రాస్ ఒక్కటే అరిచేవాళ్లవి పది సెకన్లు కూడా చూడక్కర్లేదు. మొదటి ఆట అవకముందే వచ్చే రివ్యూలు కూడా అంతే, ఒక కుటుంబం సినిమాకి పోవాలంటే ఎంతవుతదో తెలిసినవాళ్లు అట్లా తొందరపడి చెప్పరు.

యాప్ సంగతికొస్తే, నన్ను బాగా ఇబ్బంది పెట్టేది పాత వీడియోలు. వాన పడితే చాలు 2024 వరద వీడియోలు కొత్త టైటిల్‌తో మళ్లీ పైకొస్తాయి, టైటిల్ కింద తేదీ ఎవరూ చూడరు, మళ్లీ మామ్మగారికి కంగారు. ఇలాంటివి ఎవరైనా పంపితే ముందు తేదీ చూడండి, ఛానల్ ఎక్కడిదో చూడండి, మనం వాట్సాప్ గ్రూపులో వేసేముందు మన ఊళ్లో ఉన్న ఒక్కరికి ఫోన్ చెయ్యండి.

ఇక నేను అసలు క్షమించలేనిది, పొద్దున దేశ ఆర్థిక వ్యవస్థ గురించి పాఠం చెప్పి సాయంత్రం బెట్టింగ్ యాప్ కోడ్ ఇచ్చేవాళ్లు. 2025 ఆగస్టులో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములని నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చాక చాలామంది ఆ వీడియోలు తీసేశారు, ఒక్కరు కూడా అప్పుడు చెప్పినదాని గురించి మాట్లాడలేదు. వాళ్లలో కొందరు ఇప్పుడు షేర్ మార్కెట్ ఆప్షన్స్ ట్రేడింగ్ కోర్సులు అమ్ముతున్నారు. ఎఫ్ అండ్ ఓలో, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో, ఆడిన మామూలు జనంలో నూటికి 93 మంది మూడేళ్లలో నష్టపోయారని షేర్ మార్కెట్‌ని చూసుకునే సెబీయే 2024లో లెక్క తేల్చింది. మా వీధిలో డిగ్రీ చదివే కుర్రాడు ఆ కోర్సుకి డబ్బులు కట్టబోతుంటే కొట్లోనే కూర్చోబెట్టి ఆ లెక్క చూపించా, వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. ఈ రివ్యూ చదివేవాళ్ల ఇళ్లలో అట్లాంటి కుర్రాళ్లు ఉంటే, కోర్సు అమ్మేవాణ్ణి ముందు గత మూడేళ్ల ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు చూపించమని అడగమనండి.