ఓక్ ఫ్లోర్ కిర్రుకి తల విరిగే స్క్రూలు: కొన్ని చలికాలాలు వాడాక

ఈ తల విరిగే స్క్రూల కిట్‌లో నాకు నచ్చిందీ, నన్ను విసిగించిందీ ఒక్కటే: స్క్రూ మెడ మీద ఫ్యాక్టరీలోనే పెట్టిన గాటు. అమెరికా చెక్క ఇళ్లలో పై అంతస్తు ఓక్ ఫ్లోర్ కిర్రుమంటుంటే, కింద సీలింగ్ కోయకుండా పైనుంచే బిగించడానికి ఇంతకంటే శుభ్రమైన దారి నాకు దొరకలేదు. స్క్రూ పైనున్న ఓక్ పలకలోంచి, దాని కింద పరిచిన ప్లైవుడ్ (సబ్‌ఫ్లోర్)లోంచి, ఆ రెంటినీ మోసే దూలం (జోయిస్ట్)లోకి దిగుతుంది. కిట్‌తో వచ్చే గైడ్ చూపిన లోతుకి చేరాక గాటు దగ్గర తల విరిగి వచ్చేస్తుంది. మిగిలేది పెసరగింజ కూడా పట్టని బొక్క.

ఆ గాటే స్క్రూకి బలహీనమైన చోటు కూడా. మెత్తటి పైన్‌లో ఇబ్బంది లేదు, రెడ్ ఓక్‌తోనే తంటా. ముందు వేసిన రంధ్రం లోతు చాలకపోయినా, అందులో పొట్టు కూరుకుపోయినా స్క్రూ సగంలో బిగుసుకుంటుంది. పైన డ్రిల్ మాత్రం తిప్పుతూనే ఉంటుంది. ఆ బలమంతా గాటు మీద పడి తల టప్పున ఊడిపోతుంది. పావంగుళం మొండి పైకి నిలబడి ఉంటుంది, దాని మరలు కింద జోయిస్ట్‌ని ఇంకా సరిగా పట్టి కూడా ఉండవు. పెట్టెలోని సూచనల కాగితంలో దీని గురించి ఒక్క ముక్క లేదు. నా కోపం దాని మీదే.

మొండి పైకి ఉంటే లాకింగ్ ప్లయర్స్‌తో గట్టిగా పట్టి ఎడమకి తిప్పండి, చాలాసార్లు వెనక్కి వచ్చేస్తుంది. ప్లయర్స్ కింద అట్టముక్క పెట్టకపోతే పాలిష్ గీసుకుపోతుంది. పలక మట్టానికి విరిగితే దాని జోలికి పోవద్దు. జోయిస్ట్ వెంబడే ఓ అంగుళం పక్కన కొత్తది వేయడమే నయం.

అసలు విరగకుండా ఉండాలంటే రంధ్రం ఓక్‌నీ సబ్‌ఫ్లోర్‌నీ పూర్తిగా దాటాలి. ముప్పావంగుళం పలక, ముప్పావంగుళం ప్లైవుడ్ అయితే మొత్తం అంగుళంన్నర. డ్రిల్ బిట్‌కి కొన నుంచి అంత దూరంలో టేపు చుట్టండి. మధ్యలో రెండు మూడుసార్లు బిట్ పైకి లాగి పొట్టు దులపండి. మరలకి కొవ్వొత్తి మైనం రుద్దండి. సబ్బు వద్దు, తేమ పట్టి తుప్పుకి దారిస్తుంది. దెబ్బలు కొడుతూ తిప్పే ఇంపాక్ట్ డ్రైవర్ అసలు పనికిరాదు. మామూలు డ్రిల్, క్లచ్ (తిప్పే బలాన్ని ఆపే మీట) తక్కువలో, నెమ్మదిగా.

స్క్రూ దిగేటప్పుడు ఇంకో మనిషి ఆ రంధ్రం పక్కనే రెండు కాళ్లతో నిలబడాలి. కిర్రుకి మూలం చాలావరకు సబ్‌ఫ్లోర్‌కీ జోయిస్ట్‌కీ మధ్య సందు. అడుగు పడగానే ప్లైవుడ్ పాత మేకు మీద పైకీ కిందకీ జారుతుంది, ఆ రాపిడే మనకు వినిపించేది. బరువు పెట్టి సందు మూయకుండా బిగిస్తే మరలు రెండు చెక్కల్నీ పట్టుకుని ఆ సందుని అలాగే ఉంచేస్తాయి. చప్పుడూ ఉంటుంది, బొక్కా ఉంటుంది.

జోయిస్ట్ ఎక్కడుందో కనుక్కోవడమే అసలు పని. ఇంత మందం చెక్క కింద స్టడ్ ఫైండర్ (లోపలి దూలాల్ని పసిగట్టే పరికరం) చెప్పేది నమ్మలేం. పైనుంచి అయస్కాంతం పెడితే ఫ్లోర్ మేకులే అడుగడుగునా అంటుకుంటాయి. కింది గదిలో సీలింగ్‌కి అయస్కాంతం పెట్టి చూడండి: సీలింగ్ డ్రైవాల్ (జిప్సం బోర్డు) స్క్రూలు వరసగా దొరుకుతాయి, ఆ వరసే జోయిస్ట్. మెట్ల దగ్గరి గోడ నుంచి కొలిచి ఆ దూరాన్ని పైకి తెచ్చుకోండి. మామూలుగా 16 అంగుళాలకొకటి ఉంటుంది. తొలి రంధ్రంలో టేపు గుర్తు దాటాక కూడా బిట్‌కి చెక్క తగులుతూ, లేత రంగు పొట్టు వస్తుంటే సరైన చోటే. బిట్ ఒక్కసారిగా ఖాళీలోకి జారితే గురి తప్పినట్టు, అక్కడే ఆపండి. జోయిస్టుల మధ్య నీళ్ల పైపులు, కరెంటు వైర్లు ఉండొచ్చు.

బొక్క మచ్చుకైనా కనపడదని మొదట్లో చాలామందికి చెప్పాను. ఆ మాట కొంచెం తగ్గించుకోవాలి. ఓక్ మీది పాలిష్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, బొక్కలో నింపిన మైనం పుట్టీ రంగు మాత్రం అలాగే ఉంటుంది. సాయంత్రం ఏటవాలు ఎండలో, తెలిసిన కళ్లకి చుక్కలు కనిపిస్తాయి. అందుకే రంధ్రాన్ని పలకలోని లేత భాగంలో కాకుండా ముదురు గీత మీద వేస్తే మేలు. పుట్టీ కూడా ఒకే రంగు కాకుండా రెండు కలిపి నింపితే బాగా కలిసిపోతుంది.

అన్ని కిర్రులకీ ఇది మందు కాదు. రెండు పలకల అతుకు రాసుకుంటూ వచ్చే చప్పుడుకి స్క్రూ ఏమీ చేయదు. టాల్కమ్ పౌడర్ ఆ సందులోకి దులిపితే కొన్నాళ్లు ఊరుకుంటుంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హీటర్ వల్ల గాలి ఎండిపోయి చెక్క కుంచించుకుపోతుంది కాబట్టి కిర్రు అప్పుడే ఎక్కువ. వెతికి బిగించడానికీ అదే అదను. జూన్‌లో బిగించి "పోయింది" అంటే ఆ మాటకి విలువ లేదు, ఎండాకాలం తేమకి చాలా కిర్రులు వాటంతటవే పోతాయి. ముందు గాలికి తేమ పట్టించే ఓ హ్యుమిడిఫైయర్ పెట్టి గదిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉంచి చూడండి, సగం చప్పుడు అక్కడే తగ్గొచ్చు.

కొనమంటానా? మా ఇంట్లో కిర్రుమనే గది కింద డ్రాయింగ్ రూమ్, పూర్తి సీలింగ్. అందుకే కొన్నాను, అదే గదికైతే మళ్లీ కొంటాను. మీ కింద ఖాళీ బేస్‌మెంట్ ఉండి జోయిస్టులు కనిపిస్తుంటే ఈ ఖర్చు దండగ. సందులో జిగురు రాసిన పలుచటి చెక్క చీలిక చేత్తో దూర్చండి. సుత్తితో కొడితే ఫ్లోర్ పైకి లేచి కొత్త కిర్రు మొదలవుతుంది. పలక సబ్‌ఫ్లోర్ నుంచి లేచి ఉంటే కిందనుంచి అంగుళంపావు స్క్రూ చాలు, కాకపోతే ప్లైవుడ్‌లో రంధ్రం స్క్రూ కంటే కాస్త వదులుగా ఉండాలి, అప్పుడే పలక కిందకి లాగబడుతుంది. మేకులు లేకుండా పరిచిన ఫ్లోటింగ్ ఫ్లోర్‌కి గానీ, అడుగున వేడినీళ్ల గొట్టాలు వేసిన ఫ్లోర్‌కి గానీ ఈ కిట్ జోలికే వెళ్లొద్దు. ఫ్లోర్ కొత్తదైతే పైనుంచి రంధ్రం వేసే ముందు వారంటీ కాగితం ఒకసారి చదవండి.